పంటి వేరుకు కాపలా కాసే సిమెంట్

"ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి" అని మన పెద్దల సామెత. పళ్లు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైనా సరిపోతుంది, నిజమే. కానీ పళ్లను నిలబెట్టుకోవడానికి ఏ సిమెంటైనా ఒకటే అనుకోవడానికి వీల్లేదు. ఆ తేడా ఏమిటో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. మేము వైద్యులం కాము. ఏళ్ల తరబడి బడిలో సామాన్యశాస్త్రం చెప్పుకుంటున్నవాళ్లం. దంతవైద్యులను అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకున్న సంగతులను మాకు చేతనైన పద్ధతిలో, పాఠం చెప్పినట్టుగా, దాతల ముందు పెడుతున్నాం.

ఒక శిబిరంలో చూసినది

కొన్నాళ్ల క్రితం మా ఊళ్లో ఒక ఉచిత దంతవైద్య శిబిరం జరిగింది. మా బడి ఉపాధ్యాయులం నలుగురం పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చున్నాం. వచ్చినవారిలో వయసు మళ్లినవారే ఎక్కువ. మధ్యాహ్నం వేళ ఒక ఖాలా వచ్చారు. డెబ్బై ఏళ్లు ఉంటాయి. పళ్లు కదలడం లేదు. పైనుంచి చూస్తే బాగానే ఉన్నాయి. కానీ చిగురు కిందికి దిగిపోయి, పన్నుకూ చిగురుకూ మధ్య గోధుమ రంగు గాడి పడింది. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోందన్నారు.

శిబిరానికి వచ్చిన యువ వైద్యురాలు అద్దం పెట్టి చూసి, "అమ్మా, ఇవి పీకాల్సిన పళ్లు కావు. వేరు దగ్గర పుచ్చింది, సిమెంట్ పెడితే నిలబడతాయి" అన్నారు. పెట్టెలో వెతికారు. పళ్లు పీకే పట్టకార్లు, మత్తు ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు, దూది, అన్నీ ఉన్నాయి. సిమెంట్ మాత్రం లేదు. తెప్పించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చే వారం ఆసుపత్రికి రమ్మని డాక్టరమ్మ చెప్పారు. ఖాలా నవ్వి, "బస్సు ఛార్జీలు ఎవరిస్తారు బిడ్డా? ఈ రోజు ఊరికే పీకుతున్నారుగా, పీకెయ్యి" అన్నారు. డాక్టరమ్మ రెండోసారి చెప్పి చూశారు. ఖాలా వినలేదు. ఆ సాయంత్రం రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా "పీకిన పళ్లు: 2" అని రాసింది మేమే.

ఆ రెండు పళ్లు ఎందుకు పుచ్చాయి? ఏ సిమెంట్ పెడితే నిలబడేవి? ఆ సిమెంట్ చేసే పని ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకూ వరసగా జవాబులు చూద్దాం.

పన్ను కట్టుబాటు

పన్నును చెట్టుతో పోల్చి చెబితే పిల్లలకు తొందరగా అర్థమవుతుంది. నేలపైన కనిపించే చెట్టులాగా నోట్లో కనిపించే భాగం ఉంటుంది. దాన్ని పంటి శిఖరం అంటారు. నేలలోని వేళ్లలాగా దవడ ఎముకలో దాగిన భాగం ఉంటుంది. అదే పంటి వేరు. నేల కప్పినట్టుగా వేరు మొదలును చిగురు కప్పి ఉంచుతుంది.

శిఖరాన్ని కప్పి ఉండే తెల్లటి పొర ఎనామిల్. మన శరీరంలో దానికంటే గట్టి పదార్థం మరొకటి లేదు. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దాని లోపల ఉండేది డెంటిన్. అందులో ఖనిజం 70 శాతం వరకు ఉంటుంది, మిగిలినది మాంసకృత్తులు, నీరు. అన్నిటికన్నా లోపల రక్తనాళాలు, నరాలు ఉన్న మెత్తటి గుజ్జు ఉంటుంది.

ఇక వేరు సంగతి. వేరుకు ఎనామిల్ కవచం లేదు. దాన్ని కప్పి ఉండేది సిమెంటం అనే పలుచని పొర. చిగురు దగ్గర దాని మందం మన తల వెంట్రుక మందం కూడా ఉండదు. అందులో ఖనిజం సుమారు సగమే. అది బ్రష్షు రాపిడికే అరిగిపోతుంది. ఆ తర్వాత డెంటిన్ నేరుగా బయటపడుతుంది. ఇనుప తలుపు ఉన్న ఇంటికి పెరటివైపు తడిక కట్టి ఉన్నట్టు అన్నమాట. దొంగ ఏ వైపు నుంచి వస్తాడో చెప్పనక్కర్లేదు.

వేరు ఎందుకు బయటపడుతుంది

చిగురు కప్పి ఉన్నంతకాలం వేరుకు భయం లేదు. చిగురు దిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. వయసు పెరిగితే చిగురు దిగడం సహజమని చాలామంది అనుకుంటారు. కానీ కారణం వయసు ఒక్కటే కాదు. వయసుతోపాటు కూడబెట్టుకున్న నష్టాలే ఎక్కువ. పళ్ల మీద పాచి పేరుకుని గార కట్టి, చిగుళ్లు వాచి, కింద ఎముక కరిగిపోవడం మొదటి కారణం. బొగ్గు, ఇటుక పొడి, ఇసుక కలిసిన పళ్లపొడి వంటివాటితో గట్టిగా రుద్దడం రెండోది. గట్టి కుచ్చుల బ్రష్షుతో అడ్డంగా రంపం కోసినట్టు తోమడం కూడా ఆ కోవలోదే. పొగాకు, ఖైనీ, గుట్కా బుగ్గన పెట్టుకునే చోట చిగురు దిగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. మధుమేహం అదుపులో లేనివారికి చిగుళ్ల జబ్బు మరింత తొందరగా ముదురుతుంది.

దీనికి నోరు ఎండిపోవడం తోడైతే పరిస్థితి విషమిస్తుంది. లాలాజలం నోటిలోని ఆమ్లాన్ని కడిగేస్తుంది, పోయిన ఖనిజాన్ని పంటికి తిరిగి అందిస్తుంది. రక్తపోటు, అలర్జీ, మనోవ్యాకులత వంటివాటికి వాడే కొన్ని మందుల వల్ల లాలాజలం తగ్గుతుంది. నోటి కాన్సర్‌కు, గొంతు కాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారిలో లాలాజల గ్రంథులే దెబ్బతింటాయి. అటువంటివారికి కొద్ది నెలల్లోనే పళ్ల మొదళ్లు చుట్టూ పుచ్చిపోవచ్చు.

ఆమ్లం చేసే పని

తరగతిలో మేము ఒక చిన్న ప్రయోగం చేయిస్తాం. కోడిగుడ్డును వెనిగర్‌లో ఒకటి రెండు రోజులు ఉంచితే పెంకు కరిగిపోయి గుడ్డు మెత్తగా, రబ్బరు బంతిలా మిగులుతుంది. గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేట్, పన్ను కాల్షియం ఫాస్ఫేట్ జాతిది. పదార్థాలు వేరైనా సూత్రం ఒకటే. ఆమ్లం తగిలితే ఖనిజం కరుగుతుంది.

మన నోటిలోకి ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుంది? పళ్ల మీది పాచిలో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, లాక్టోబాసిల్లస్, ఆక్టినోమైసిస్ వంటివి వాటిలో కొన్ని. మనం తిన్న చక్కెరను, పిండి పదార్థాన్ని అవి తిని ఆమ్లాన్ని వదులుతాయి. తీపి నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పాచిలో ఆమ్లం పెరుగుతుంది. లాలాజలం దాన్ని మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట వరకు పడుతుంది.

ఆమ్లత్వాన్ని పి.హెచ్. అనే కొలతతో చెబుతారు. 7 అంటే తటస్థం. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు. పి.హెచ్. దాదాపు 5.5కు దిగితే గాని ఎనామిల్ కరగడం మొదలుకాదు. పంటి వేరు 6.2, 6.4 మధ్యలోనే కరగడం మొదలవుతుంది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పి.హెచ్. కొలతలో ఒక అంకె తేడా అంటే పదింతల ఆమ్లం. ఆ లెక్కన 6.2 దగ్గర ఉండే ఆమ్లం 5.5 దగ్గర ఉన్నదానిలో ఐదో వంతే. అంటే ఎనామిల్‌ను ఏమీ చేయలేని కొద్దిపాటి ఆమ్లం కూడా వేరును తినేస్తుంది. రోజుకు ఐదారుసార్లు చక్కెర టీ, మధ్య మధ్య బిస్కెట్లు తీసుకునే పెద్దవారి పళ్ల మొదళ్లు ఎంతసేపు ఆ ఆమ్లంలో నానుతున్నాయో లెక్క వేసుకోండి.

వేరు పుచ్చును గుర్తుపట్టడం కష్టం కాదు. చిగురును ఆనుకుని పసుపు లేదా గోధుమ రంగు మచ్చ పడుతుంది. మొదట అది మెత్తగా, తోలులా ఉంటుంది. పైకి లోతు తెలియకుండా పంటి చుట్టూ పాకుతుంది. చాలాకాలం నొప్పి ఉండదు. నొప్పి వచ్చేసరికి గుజ్జు దాకా వెళ్లిపోవచ్చు, లేదా పన్ను మొదలు దగ్గర విరిగిపోవచ్చు. నల్లగా మారి, నున్నగా, గట్టిగా ఉన్న మచ్చ మాత్రం సాధారణంగా ఆగిపోయిన పుచ్చుకు గుర్తు. ఏది ఏదో తేల్చవలసింది వైద్యులే.

ఏ సిమెంట్, ఏ పని

మన జనం వాడుకలో పన్నుకు నింపేవన్నీ "సిమెంటే". నిజానికి అవి మూడు రకాలు.

మొదటిది వెండి సిమెంట్. దీని బరువులో దాదాపు సగం పాదరసం, మిగిలినది వెండి, తగరం, రాగి. బలమైనది, చాలా ఏళ్లు మన్నుతుంది. కానీ పంటికి తనంతట తాను అంటుకోదు. అది నిలవాలంటే మంచి పన్నును కూడా కొంత చెక్కి, లోపల వెడల్పుగా గూడు చేయాలి. సన్నని వేరు మీద అలా చెక్కడం అంటే పన్నును బలహీనపరచడమే. పాదరసాన్ని తగ్గించాలని దేశాలన్నీ కలిసి 2013లో మినమాటా ఒప్పందం చేసుకున్నాక దీని వాడకం క్రమంగా తగ్గుతోంది. ఫ్యాక్టరీ వదిలిన పాదరసంతో ప్రజలు తీవ్రంగా జబ్బుపడిన జపాన్ పట్టణం మినమాటా. ఆ పేరే ఒప్పందానికి పెట్టారు.

రెండోది కాంపోజిట్. ప్లాస్టిక్ వంటి రెజిన్‌లో సన్నని గాజు పొడి కలిపి చేస్తారు. నీలం కాంతి చూపితే గట్టిపడుతుంది. పంటి రంగులో కలిసిపోతుంది, ఎనామిల్‌కు గట్టిగా అంటుకుంటుంది. కానీ అది అంటుకునేటప్పుడు చోటు పూర్తిగా పొడిగా ఉండాలి. వేరు దగ్గర చిగురు చెమ్మ, కొంచెం రక్తం తప్పవు. పైగా అక్కడ పట్టుకోవడానికి ఎనామిల్ లేదు. గట్టిపడేటప్పుడు అది కొద్దిగా కుంచించుకుపోతుంది కూడా. ఆ అంచులో సన్నని సందు పడితే, ఆ సందులోనే పుచ్చు మళ్లీ మొదలవుతుంది. నేర్పుగల వైద్యుల చేతిలో ఇదీ చక్కగానే నిలుస్తుంది. కష్టమల్లా చోటును పొడిగా ఉంచడంలోనే.

మూడోది గ్లాస్ అయానమర్ సిమెంట్. మన పాఠానికి ముఖ్యమైనది ఇదే.

గాజు పొడిలో దొరికిన మేలు

దీని వెనక ఒక కథ ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి భాగంలో ముందు పళ్లకు సిలికేట్ సిమెంట్ అనేది వాడేవారు. అది అంత మంచిది కాదు. కొన్నేళ్లకు లాలాజలంలో కరిగిపోయేది, రంగు మారేది. అయినా వైద్యులు ఒక వింత గమనించారు. సిమెంట్ అరిగిపోయినా దాని చుట్టూ ఉన్న పన్ను మాత్రం అంతగా పుచ్చేది కాదు. కారణం వెతికితే, ఆ గాజు పొడి తయారీలో కలిపిన ఫ్లోరైడ్ కొద్దికొద్దిగా బయటికి వచ్చి పంటిలో చేరుతోందని తేలింది. గాజు సులువుగా కరగడానికి వేసిన వస్తువు పంటికి మందయింది.

ఆ మేలును ఉంచి, లోపాన్ని తీసేయాలని లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పని చేశారు. సిలికేట్ సిమెంట్‌లో గాజు పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కలిపేవారు. అంతకుముందే, 1968లో, డెనిస్ స్మిత్ అనే ఆయన పాలీయాక్రిలిక్ ఆమ్లంతో చేసిన సిమెంట్ పంటికి అంటుకుంటుందని చూపించారు. విల్సన్, కెంట్ ఈ రెండు దారులనూ కలిపారు. ఫ్లోరైడ్ ఉన్న గాజు పొడిని పాలీయాక్రిలిక్ ఆమ్లంతో కలిపి 1969లో కొత్త సిమెంట్‌ను తయారుచేశారు. 1972లో బ్రిటిష్ దంతవైద్య పత్రికలో దాన్ని లోకానికి చెప్పారు.

ఇది మూడు పనులు చేస్తుంది.

ఒకటి, పంటికి రసాయనికంగా అంటుకుంటుంది. సిమెంట్‌లోని ఆమ్లం పంటిలోని కాల్షియంతో బంధం కలుపుకుంటుంది. చెక్కి గూడు చేయనక్కర్లేదు. పుచ్చిన మెత్తటి భాగం తీసేస్తే చాలు. కొంచెం చెమ్మ ఉన్నా కాంపోజిట్ కంటే బాగా ఓర్చుకుంటుంది. అందుకే చిగురు పక్కన ఉన్న వేరుకు ఇది తగినది.

రెండు, ఫ్లోరైడ్‌ను వదులుతుంది. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఎక్కువగా, ఆ తర్వాత తగ్గిపోయి కొద్దికొద్దిగా చాలాకాలం వదులుతుంది. సిమెంట్‌ను గట్టిగా పట్టి ఉంచే అల్లికలో ఫ్లోరైడ్ భాగం కాదు. అందుకని అది బయటికి వెళ్లినా సిమెంట్ బలం తగ్గదు. బయటికి వచ్చిన ఫ్లోరైడ్ పంటి ఖనిజంలో చేరి, ఆమ్లానికి సులువుగా కరగని ఫ్లోర్ అపటైట్‌గా మారుస్తుంది. కరిగిన ఖనిజం తిరిగి పంటిలో చేరడానికి తోడ్పడుతుంది.

మూడు, ఖర్చయిన ఫ్లోరైడ్‌ను మళ్లీ నింపుకుంటుంది. ఫ్లోరైడ్ టూత్‌పేస్టుతో తోముకున్నప్పుడు, డాక్టరు ఫ్లోరైడ్ వార్నిష్ పూసినప్పుడు సిమెంట్ కొంత పీల్చుకుని, తర్వాత నెమ్మదిగా వదులుతుంది. వానకు నిండి, ఎండల్లో పొలానికి నీరిచ్చే చెరువు లాంటిదే ఇదీ. వాన పడాలి, అంటే మనం తోముకోవాలి. అప్పుడే చెరువు నిండుతుంది.

లోపాలు దాచకూడదు

మంచి చెప్పి చెడు దాస్తే అది పాఠం కాదు, ప్రకటన అవుతుంది. గ్లాస్ అయానమర్‌కు బలం తక్కువ. నమిలే ఒత్తిడి పడే చోట అరుగుతుంది, విరుగుతుంది. కాంపోజిట్ అంత నున్నగా, అందంగా ఉండదు. కొన్నిసార్లు ఊడిపోతుంది కూడా. ఈ లోపాలు తగ్గించడానికి రెజిన్ కలిపిన రకాలు తర్వాత వచ్చాయి. వేరు వైపు గ్లాస్ అయానమర్, దాని మీద కాంపోజిట్ వేసి రెండింటి మేలూ పొందే పద్ధతి కూడా ఉంది. పెట్టిన రోజే అది పూర్తిగా గట్టిపడదు. కనీసం గంటసేపు ఏమీ తినవద్దని, ఆ రోజు అటువైపు గట్టివి నమలవద్దని వైద్యులు చెబుతారు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. ఫ్లోరైడ్ వదిలే సిమెంట్ పెట్టించుకున్న ప్రతి ఒక్కరికీ పుచ్చు ఆగిపోతుందని పరిశోధనలు చెప్పడం లేదు. ఆరోగ్యంగా ఉండి, బాగా తోముకునేవారిలో ఈ సిమెంట్‌కూ ఇతర సిమెంట్లకూ పెద్ద తేడా కనిపించకపోవచ్చు. తేడా స్పష్టంగా కనిపించింది రేడియేషన్ వల్ల నోరు ఎండిపోయినవారిలో. వారిపై చేసిన అధ్యయనాలలో, రోజూ ఫ్లోరైడ్ జెల్ వాడనివారికి వెండి సిమెంట్, కాంపోజిట్ చుట్టూ పుచ్చు మళ్లీ వచ్చింది. గ్లాస్ అయానమర్ చుట్టూ చాలా తక్కువగా వచ్చింది. చెప్పినట్టు రోజూ జెల్ వాడినవారికి ఏ సిమెంట్ పెట్టినా పుచ్చు రావడం అరుదే.

దీని అర్థం ఏమిటి? తన పళ్లు తాను శుభ్రంగా చూసుకోగలిగినవారికి ఏ సిమెంటైనా పనికొస్తుంది. చూసుకోలేనివారికి, అంటే చేతులు వణికే వృద్ధులకు, మంచాన పడ్డవారికి, నోరు ఎండినవారికి, ఆసుపత్రికి మళ్లీ మళ్లీ రాలేనివారికి, ఈ సిమెంటే కొంత కాపలా కాస్తుంది. సహాయం ఎక్కువ అవసరమైనవారికే ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. దాతలు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని మనవి.

ఫ్లోరైడ్ అంటే నల్గొండ కదా?

ఫ్లోరైడ్ పేరు వినగానే మన తెలుగువారికి వంగిపోయిన కాళ్లు, నల్గొండ పల్లెలు గుర్తుకు వస్తాయి. ఆ భయంలో తప్పేమీ లేదు. మన దేశంలో ఈ జబ్బును తొలిసారి వైద్యులు రాసిపెట్టింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా వైపు పల్లెల్లోనే. ఆ తర్వాత ప్రకాశం, నల్గొండ జిల్లాలు తరతరాలుగా ఈ బాధ పడ్డాయి. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి "నల్గొండ పద్ధతి" అన్న పేరే ఉంది.

అయితే ఇక్కడ మోతాదును చూడాలి. తాగునీటిలో లీటరుకు 1 మి.గ్రా. వరకు మంచిదని, వేరే దారి లేనప్పుడు 1.5 మి.గ్రా. మించరాదని మన దేశపు ప్రమాణం. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి లీటర్లకు లీటర్లు తాగితే ఎముకలు దెబ్బతింటాయి. సిమెంట్ నుంచి రోజుకు వచ్చే ఫ్లోరైడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. అది పని చేసేది పంటి పైపొర మీద. ఇంకా ఒక మాట. పళ్ల మీద ఫ్లోరోసిస్ మచ్చలు పడేది పళ్లు తయారయ్యే చిన్న వయసులోనే. అరవై ఏళ్ల పంటికి ఆ మచ్చలు కొత్తగా రావు. చిన్నపిల్లలకు మాత్రం పేస్టు బఠాణీ గింజంత చాలు, మూడేళ్ల లోపువారికి బియ్యపు గింజంత. మింగకుండా పెద్దలు పక్కన ఉండి తోమించాలి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లవారు పిల్లల విషయంలో దంతవైద్యుల సలహా తీసుకోవాలి.

కరెంటు లేకున్నా కుదిరే వైద్యం

పన్నుకు సిమెంట్ పెట్టాలంటే పెద్ద కుర్చీ, గిర్రున తిరిగే యంత్రం, కరెంటు ఉండాలని మనం అనుకుంటాం. 1980ల మధ్యలో టాంజానియాలో యో ఫ్రెంకెన్ అనే దంతవైద్యుడు అవేమీ లేని పల్లెల్లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. చేతి పనిముట్లతోనే పుచ్చిన మెత్తటి భాగాన్ని గోకి తీసేసి, అంటుకునే సిమెంట్‌తో నింపడమే ఆ పద్ధతి. తర్వాత దీనికి గ్లాస్ అయానమర్ సిమెంటే సరైన జోడీ అయింది. చాలాసార్లు మత్తు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. 1994 ఏప్రిల్ 7న, నోటి ఆరోగ్యం అంశంగా జరిగిన ప్రపంచ ఆరోగ్య దినోత్సవం నాడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సమర్థించింది. మంచం దిగలేని వృద్ధులకు ఇంటివద్దనే ఇలా వైద్యం చేయవచ్చు.

ఇంకా తేలికైనది సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. 38 శాతం ద్రావణాన్ని చిన్న కుంచెతో పుచ్చు మీద పూస్తారు. వెండి సూక్ష్మజీవులను చంపుతుంది, ఫ్లోరైడ్ పంటిని గట్టిపరుస్తుంది. పూసిన చోట పన్ను నల్లబడిపోతుంది. అదొక్కటే పెద్ద లోపం. కనిపించని దవడ పళ్లకైతే దానితో చిక్కు లేదు. ముందు పళ్లకు పూసేముందు రోగికి ఆ సంగతి చెప్పి ఒప్పించాలి. ఫ్లోరైడ్ టూత్‌పేస్టు, సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్, గ్లాస్ అయానమర్ సిమెంట్, ఈ మూడింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంటే జ్వరం మాత్రలాగా ఇవీ ప్రతి వైద్య వ్యవస్థలో అందుబాటులో ఉండవలసినవే.

ఇంట్లో చేయవలసినవి

సిమెంట్ కాపలాదారు మాత్రమే. ఇల్లు చూసుకోవలసింది మనమే. అందుకు పెద్దగా ఖర్చు లేని కొన్ని అలవాట్లు చాలు.

ఉదయం, రాత్రి పడుకునే ముందు మెత్తటి కుచ్చుల బ్రష్షుతో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోముకోవాలి. చిగురూ పన్నూ కలిసే చోట బ్రష్షును ఏటవాలుగా పెట్టి నెమ్మదిగా తిప్పాలి. తోమిన తర్వాత నురుగు ఉమ్మేయాలి. నీళ్లు పోసి పదేపదే పుక్కిలిస్తే ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది. బొగ్గు, ఇటుక పొడి మానేయాలి.

మనలో చాలా ఇళ్లలో మిస్వాక్ అలవాటు ఉంది. పీలూ చెట్టు పీచు పాచిని బాగానే తీస్తుంది. దాన్ని నమిలి మెత్తబరచి, చిగురు నుంచి పంటి కొనవైపు తోమాలి. చిగురు మీద అడ్డంగా గట్టిగా రుద్దితే వేరు అరుగుతుంది. రోజులో ఎన్నిసార్లు మిస్వాక్ చేసినా, రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్టు కూడా వాడడం మంచిది. వేరు బయటపడినవారికి ఇది మరీ ముఖ్యం. రంజాన్ నెలలో పగలంతా నోరు ఎండి ఉంటుంది కనుక, సహరీ తిన్న తర్వాత ఉపవాసం మొదలుకాకముందే తోముకోవడం మరచిపోకూడదు.

టీలో చక్కెర తగ్గించాలి. దానికంటే ముఖ్యం, తీపి తినే సార్లు తగ్గించాలి. పదేపదే కొంచెం తినే కంటే భోజనంతోపాటు ఒకసారి తినడం పంటికి మేలు. కట్టుడు పళ్లు పెట్టుకునేవారు రాత్రి తీసి కడగాలి, వాటికి ఆనుకున్న సొంత పళ్లను ప్రత్యేకంగా తోమాలి. మందుల వల్ల నోరు ఎండుతుంటే డాక్టరుకు చెప్పాలి. మందును మాత్రం మనంతట మనం ఆపకూడదు. మంచాన ఉన్న తల్లిదండ్రుల నోరు తోమడం కూడా సేవలో భాగమని పిల్లలకు నేర్పాలి.

దాతలకు ఒక మాట

పన్ను పీకడం చవకని అందరూ అనుకుంటారు. ఆ రోజుకు చవకే. కానీ పీకిన పన్ను దగ్గరే ఖర్చు ఆగదు. పక్క పళ్లు ఒరుగుతాయి, నమలడం ఒకవైపుకు మారుతుంది, చివరికి కట్టుడు పళ్లు కావాలి. అవి కొనలేనివారు రొట్టె టీలో ముంచుకుని తింటారు. ఆ టీలోని చక్కెర మిగిలిన పళ్ల వేళ్లను తింటుంది. మాంసం, వేరుశనగలు, పచ్చి కూరలు నమలలేక వదిలేస్తారు, ఒంట్లో బలం తగ్గుతుంది. మేము పేరు రాసిన ఆ ఖాలా మొన్న బజారులో కనిపించారు. పలకరిస్తే, "జామకాయ తిని ఎన్నాళ్లయిందో బిడ్డా" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు. తప్పు మాదేనని మాకే అనిపించింది. శిబిరానికి ఏమేం తెప్పించాలో జాబితా రాసినవాళ్లలో మేమూ ఉన్నాం.

కాబట్టి దాతలు ఎక్కడ దంతవైద్య శిబిరానికి చెయ్యి కలిపినా, నాలుగు ప్రశ్నలు అడగండి. గ్లాస్ అయానమర్ సిమెంట్, గడువు తేదీ చూసి, తెప్పించారా? గోకి తీసే చేతి పనిముట్లు, వాటిని మరిగించి శుభ్రం చేసే ఏర్పాటు ఉన్నాయా? సిమెంట్ పెట్టడానికి సమయం పడుతుంది, అందుకు సరిపడా వైద్యులు వస్తున్నారా? ఆరు నెలలకు అదే రోగులను మళ్లీ చూసే ఏర్పాటు ఉందా? ఊడిన సిమెంట్‌ను తిరిగి పెట్టకపోతే చేసిన సాయం సగంలో ఆగినట్టే.

శిబిరం ముగిశాక ఎంతమందిని చూశారు, ఎన్ని పళ్లు పీకారు అని లెక్క చెబుతారు. పీకక తప్పని పళ్లు ఉంటాయి, వాటిని పీకాల్సిందే. కానీ మేము ఈసారి రిజిస్టరులో ఒక గడి అదనంగా గీయాలని నిర్ణయించుకున్నాం. దాని పైన "నిలబెట్టిన పళ్లు" అని రాస్తాం. ఆ గడిని నింపడం డాక్టర్ల చేతిలో ఎంత ఉందో, దాతల చేతిలోనూ అంతే ఉంది.